ఇడ్లీ పిండి వేరు, బన్ను పిండి వేరు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్, డిగ్రీ విద్యార్థుల చేతుల్లో తిరిగే గైడ్లలో ఒక పొరపాటు ఏటా మళ్ళీ అచ్చవుతోంది. ‘ఈస్ట్ కణంలో డీఎన్‌ఏ ప్రతికృతి’ (కణం తన డీఎన్‌ఏను కాపీ చేసుకోవడం) అని శీర్షిక ఉంటుంది. కింద బొమ్మ మాత్రం బ్యాక్టీరియాది: గుండ్రటి డీఎన్‌ఏ, దాని మీద కాపీ మొదలయ్యే ఆరంభ స్థానం ఒకే ఒకటి. రైబోజోమ్ గురించి ఇంకో పాఠంలో ‘ప్రోటీన్ల కర్మాగారం’ అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఆ కర్మాగారాన్ని కణం ఎక్కడ కడుతుందో, ఎంత ఖర్చు పెట్టి కడుతుందో చెప్పరు. ఈస్టుకు ఉదాహరణగా ఇడ్లీ పిండి పులియడాన్ని ఇస్తారు. తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో జీవశాస్త్రం చెప్పేవాళ్ళుగా ఈ మూడింటినీ సరిచేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు ఇడ్లీ సంగతి. మినప్పప్పు, బియ్యం రుబ్బిన పిండిని రాత్రికి పొంగించేవి ప్రధానంగా ల్యూకోనోస్టాక్ వంటి లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాలు. ఈస్టులు కూడా కొన్ని చేరవచ్చు గానీ అక్కడ పెత్తనం వాటిది కాదు. బేకరీలో బన్ను పిండిని పొంగించేది, కల్లు కుండలో కనిపించేది, ప్యాకెట్లో పొడిగా దొరికేది శాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్ట్. బ్యాక్టీరియాకు కేంద్రకం లేదు. ఈస్టుకు ఉంది, అందులో మనకున్నట్టే కేంద్రకాంశం (రైబోజోములను కట్టే చోటు) కూడా ఉంది. ఈ తేడా దగ్గరే అసలు పాఠం మొదలవుతుంది.

ఈస్ట్ జన్యు పదార్థం దాదాపు 1.2 కోట్ల క్షార జంటలు (డీఎన్‌ఏ నిచ్చెన మెట్లు), 16 క్రోమోజోములు, సుమారు 6,000 జన్యువులు. నిజకేంద్రక జీవుల్లో మొట్టమొదట పూర్తిగా చదివింది దీని జన్యుక్రమాన్నే, 1996లో. మంచి ఆహారం, 30 డిగ్రీల వేడి ఉంటే కణం గంటన్నరకోసారి రెండవుతుంది. ఇక్కడ పిల్లల చేత ఒక లెక్క చేయించాలి. నాలుగో క్రోమోజోమ్ పొడవు సుమారు 15 లక్షల జంటలు. కాపీ చేసే ఫోర్క్ (పోచలు విడిపోతూ కాపీ సాగే చోటు) నిమిషానికి రెండు వేల జంటల దాకా నడుస్తుందనుకుందాం. నడుమ ఒకే చోట మొదలై రెండు వైపులా వెళితే నిమిషానికి నాలుగు వేలు. అంటే ఆ ఒక్క క్రోమోజోమ్‌కే 375 నిమిషాలు, ఆరు గంటలకు పైన. కణమేమో తొంభై నిమిషాల్లో చీలాలి. గైడులోని బొమ్మ తప్పని ఈ లెక్కే చెప్పేస్తుంది. నిజానికి ఈస్టులో ఆరంభ స్థానాలు సుమారు 400 ఉన్నాయి. అన్నీ ఒకేసారి మొదలుకావు. కొన్ని తొందరగా, కొన్ని ఆలస్యంగా అందుకుంటాయి. కొన్నిటి మీదికి పక్క ఫోర్క్ వచ్చి దాటిపోతుంది, వాటి అవసరమే రాదు.

ఈ పని రెండు అంచెల్లో జరుగుతుంది. రెండూ ఎప్పుడూ కలవకూడదు, ఈస్టుకూ బ్యాక్టీరియాకూ ఉన్న పెద్ద తేడా ఇదే. మొదటి అంచె జీ1 దశలో, అంటే కాపీకి ముందు కణం ఎదిగే దశలో. ఆరు ప్రోటీన్ల ఓఆర్‌సీ సముదాయం ఆరంభ స్థానాన్ని పట్టుకుని కూర్చుంటుంది (దీన్ని 1992లో కనుగొన్నది ఈస్టులోనే). సీడీసీ6, సీడీటీ1 సాయంతో ఎంసీఎం ఉంగరాలు రెండు, ఎదురెదురుగా, డీఎన్‌ఏ చుట్టూ ఎక్కుతాయి. అప్పటికి అవి కదలవు. ఎస్ దశ (కాపీ జరిగే దశ) రాగానే సీడీకే, డీడీకే అనే రెండు కైనేజ్‌లు అక్కడి ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. సీడీసీ45, గిన్స్ వచ్చి ఎంసీఎంతో చేరితే సీఎంజీ హెలికేజ్ తయారై రెండు పోచలనూ విడదీస్తూ నడుస్తుంది. మొదటి అంచెకు తలుపు మూసేది కూడా ఆ సీడీకేనే. సీడీసీ6ను నాశనం చేయిస్తుంది, ఖాళీగా తిరిగే ఎంసీఎంను కేంద్రకం బయటికి పంపిస్తుంది, ఓఆర్‌సీని నిలువరిస్తుంది. అందుకే ఒక చక్రంలో ఏ ఆరంభ స్థానమూ రెండోసారి మొదలుకాదు. బ్యాక్టీరియా మాత్రం ఒక కాపీ పూర్తికాక ముందే దాని మీద మరో కాపీ మొదలుపెట్టగలదు. 40 నిమిషాలు పట్టే కాపీతో 20 నిమిషాలకోసారి చీలడం ఈ.కోలైకి అలాగే సాధ్యమైంది. ఈస్టులో ఈ తాళాన్ని ప్రయోగశాలలో తీసేస్తే డీఎన్‌ఏ ముక్కలు రెండోసారి కాపీ అయి, తెగి, కణం దెబ్బతింటుంది.

మిగిలిన భాగం చాలా పుస్తకాల్లో సరిగానే ఉంది. ఆల్ఫా పాలిమరేజ్ (పోచను రాసే ఎంజైమ్) పది అక్షరాలకు అటూ ఇటూగా ఆర్‌ఎన్‌ఏ, ఆపై కొంచెం డీఎన్‌ఏ వేసి వదిలేస్తుంది. ముందు నడిచే పోచను ఎప్సిలాన్ పాలిమరేజ్, వెనక పోచను డెల్టా పాలిమరేజ్ సాగిస్తాయి. పీసీఎన్‌ఏ ఉంగరం వాటిని జారిపోకుండా పట్టుకుంటుంది. ఒక్క సంఖ్య మాత్రం మార్చుకోవాలి: ఒకజాకి ఖండాలు (వెనక పోచను రాసే చిన్న ముక్కలు) బ్యాక్టీరియాలో వెయ్యి నుంచి రెండు వేల న్యూక్లియోటైడ్లు (అక్షరాలు) ఉంటే ఈస్టులో సుమారు 165 మాత్రమే. హిస్టోన్ ప్రోటీన్ల మీద డీఎన్‌ఏ చుట్టుకునే చుట్ట ఒక్కొక్కటి పట్టే డీఎన్‌ఏ పొడవూ దాదాపు అంతే. డెల్టా పాలిమరేజ్ ముందుకు పోయి అప్పుడే కట్టిన చుట్టకు తగిలి ఆగుతుంది కాబట్టి ముక్క ఆ పొడవుకు వస్తుంది.

ఇక రైబోజోమ్. ఎదుగుతున్న ఈస్ట్ కణంలో రెండు లక్షల రైబోజోములుంటాయి. కణం రెండయ్యేలోపు ఇంకో రెండు లక్షలు కట్టాలి. నిమిషానికి రెండు వేలు! ఒక్కోదానిలో 79 ప్రోటీన్లు, నాలుగు ఆర్‌ఎన్‌ఏలు. రైబోజోమ్‌కు రెండు భాగాలు; పేర్లలోని ‘ఎస్’ పరిమాణాన్ని సూచించే కొలత. చిన్న భాగంలో 18ఎస్ (1,800 న్యూక్లియోటైడ్లు), పెద్ద భాగంలో 25ఎస్ (3,396), 5.8ఎస్ (158), 5ఎస్ (121). కూడితే 5,475. నిమిషానికి రెండు వేల రైబోజోములంటే 1.1 కోట్ల న్యూక్లియోటైడ్లు. దీని పక్కన డీఎన్‌ఏ కాపీ ఖర్చు పెట్టి చూడండి. కింద చెప్పబోయే పునరావృత జన్యువులతో కలిపి 1.35 కోట్ల జంటలను ఒకసారి కాపీ చేయడానికి కావలసినవి 2.7 కోట్ల కొత్త న్యూక్లియోటైడ్లు. అంటే మొత్తం జన్యు పదార్థాన్ని కాపీ చేయడానికి పట్టేంత సరుకు రెండున్నర నిమిషాల రైబోజోమ్ పనికి సరిపోతుంది. కణం అసలు ఖర్చు ఎక్కడ పెడుతోందో ఈ ఒక్క పోలికతో తేలిపోతుంది. ‘ప్రోటీన్ల కర్మాగారం’ అనే ఒక్క వాక్యంతో సరిపెట్టడం ఎందుకు అన్యాయమో కూడా.

కట్టడం ఇలా సాగుతుంది. కేంద్రకాంశంలో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ 1 ఒకే పొడవాటి 35ఎస్ ఆర్‌ఎన్‌ఏను రాస్తుంది. 18ఎస్, 5.8ఎస్, 25ఎస్ మూడూ అందులోనే వరుసగా ఉంటాయి. 5ఎస్‌ను మాత్రం పాలిమరేజ్ 3 విడిగా రాస్తుంది. రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులు 137, వాటిని రాసేది పాలిమరేజ్ 2. మూడు పాలిమరేజ్‌ల రాబడి ఒకదానికొకటి సరిపోవాలి. ప్రోటీన్లు కణద్రవ్యంలో తయారై, కేంద్రకంలోకి వచ్చి, ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని, భాగాలుగా మళ్ళీ కణద్రవ్యంలోకి పోవాలి. కేంద్రకపు పొరలో సుమారు 150 రంధ్రాలున్నాయనుకుంటే ఒక్కో రంధ్రం గుండా నిమిషానికి వెయ్యి ప్రోటీన్లు లోపలికి, పాతిక పైచిలుకు భాగాలు బయటికి.

35ఎస్ ఇంకా రాస్తూ ఉండగానే దాని కొస మీద యూ3 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ, డజన్ల కొద్దీ ప్రోటీన్లు ముద్దగా చేరతాయి. మరో 70కి పైగా చిన్న ఆర్‌ఎన్‌ఏలు ఏ అక్షరానికి మిథైల్ గుంపు తగిలించాలో, ఏ యూరిడిన్ అక్షరాన్ని మార్చాలో చూపిస్తాయి. ఏ2 అనే చోట కోత పడితే చిన్న భాగం ఒక దారి, పెద్ద భాగం ఒక దారి. 5.8ఎస్ వెనక తోకను ఎక్సోజోమ్ అనే ఎంజైమ్ సముదాయం కొరికి సరిచేస్తుంది. చిన్న భాగంలో చివరి కోత కణద్రవ్యంలో పడుతుంది: ఎన్ఓబీ1 అనే ఎంజైమ్ 20ఎస్‌ను 18ఎస్‌గా కోస్తుంది. దానికి ముందు పెద్ద భాగాన్ని తెచ్చి తగిలించి, రెండూ సరిగ్గా పొసుగుతున్నాయో లేదో కణం పరీక్షిస్తుంది. పెద్ద భాగం మీద టీఐఎఫ్6 అడ్డు కూర్చుని ఉంటుంది, దాన్ని ఎస్‌డీవో1, ఈఎఫ్ఎల్1 కలిసి తీసేదాకా చిన్న భాగంతో జతకట్టదు. ఇలా సాయపడి చివర్లో తప్పుకునే ప్రోటీన్లు 200కు పైనే. మిద్దె కట్టేటప్పుడు వేసిన సారువ లాంటివి అవి. పూర్తయిన రైబోజోమ్‌లో ఒక్కటీ మిగలదు.

ఇక్కడ ఏది తప్పినా మనిషిలో జబ్బుగా కనిపిస్తుంది. ఎస్‌డీవో1కు మానవ జోడీ ఎస్‌బీడీఎస్ చెడితే ష్వాక్‌మన్-డైమండ్ సిండ్రోమ్. ఆర్‌పీఎస్19 జన్యువు చెడితే డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనత. ఆ ప్రోటీన్లు చేసే పని ఏమిటో చాలావరకు తేలింది ఈస్టులోనే. 2009 నోబెల్ ప్రస్తావన వచ్చినప్పుడు పిల్లలు తడబడే చోటు ఒకటుంది. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ సహా ముగ్గురికి వచ్చిన ఆ బహుమతి బ్యాక్టీరియా, ఇతర కేంద్రకం లేని జీవుల రైబోజోమ్ నిర్మాణాల మీది పనికి. ఈస్ట్ 80ఎస్ రైబోజోమ్ పూర్తి నిర్మాణం అంత స్పష్టంగా రావడం 2011లో జరిగింది.

డీఎన్‌ఏ కాపీ, రైబోజోమ్ తయారీ అనే ఈ రెండు పనులను రెండు పాఠాలుగా విడగొట్టకూడదని మేం పట్టుబట్టేది పన్నెండో క్రోమోజోమ్ కోసం. 35ఎస్, 5ఎస్ జన్యువులున్న 9,100 జంటల ముక్క అక్కడ ఒకదాని వెనక ఒకటిగా సుమారు 150 సార్లు ఉంది. మొత్తం డీఎన్‌ఏలో పదో వంతు. ప్రతి ముక్కలోనూ ఒక ఆరంభ స్థానం కూడా ఉంది. అందులో సగం జన్యువులే ఒక సమయంలో పనిచేస్తాయి. 75 జన్యువుల నుంచి నిమిషానికి రెండు వేల ఆర్‌ఎన్‌ఏలు రావాలంటే ఒక్కో జన్యువు మీద ప్రతి రెండు సెకన్లకు పైచిలుకు ఒక పాలిమరేజ్ బయలుదేరాలి. జన్యువంతా వరుసగా యంత్రాలతో నిండి ఉంటుంది. ఆ దారి మీదే డీఎన్‌ఏ కాపీ చేసే ఫోర్క్ కూడా నడవాలి.

ఒకే దిశలో పోతే సర్దుకుంటుంది. ఎదురుగా వస్తే ఢీకొంటుంది. కాబట్టి 35ఎస్ జన్యువు ముగిసే చోట ఎఫ్ఓబీ1 అనే ప్రోటీన్ కూర్చుని, ఎదురుగా వచ్చే ఫోర్కును అక్కడే ఆపేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ రాసే దిశలోనే వచ్చే రెండో ఫోర్క్ జన్యువును దాటి వచ్చి దాన్ని కలుసుకుంటుంది. ఒకవైపు రాకపోకలకు మాత్రమే తెరిచిన ఘాట్ రోడ్డు లాంటి ఏర్పాటు: తిరుమలకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఆ ఏర్పాటుకు మూల్యం ఉంది. ఆగిన ఫోర్క్ ఒక్కోసారి తెగుతుంది. తెగిన కొస పక్క కాపీలో సరైన చోటికి కాక తప్పు ముక్కకు అతుక్కుంటే కాపీల సంఖ్య మారుతుంది, లేదా ఒక ముక్క వలయంగా ఊడి వస్తుంది. సర్2 ప్రోటీన్ దాన్ని అదుపులో ఉంచుతుంది. సర్2 లేకపోతే వలయాలు తల్లి కణంలో పోగై తల్లి తొందరగా ముసలిదవుతుంది. ఎఫ్ఓబీ1 తీసేస్తే ఎక్కువ సార్లు మొగ్గ వేస్తుంది.

పనిచేయని సగం జన్యువులు ఎందుకు మరి? కాపీలు 40 దాకా తగ్గించినా ఎదుగుదలకు పెద్ద లోటు రాదు. ఉన్నవన్నీ నిండుగా పనిచేస్తాయి. మరీ 20 దాకా తగ్గిస్తే కణం ఎదుగుతుంది గానీ డీఎన్‌ఏను దెబ్బతీసే రసాయనానికి, అతినీలలోహిత కిరణానికి తట్టుకోలేదు. ఖాళీగా ఉన్న ముక్కల మీదే జంట క్రోమాటిడ్లను (కాపీ అయి ఇంకా అతుక్కుని ఉన్న క్రోమోజోములను) పట్టి ఉంచే ప్రోటీన్లకు, మరమ్మతుకు చోటు దొరుకుతుంది. ‘పనికిరాని డీఎన్‌ఏ’ అని రాసే చోట ఈ ప్రయోగాన్ని పిల్లలకు చెప్పాలి.

రెండు పనులూ ఒకే చేతిలో ఉన్న చోటు కూడా ఉంది. నాక్3 అనే ప్రోటీన్ ఎంసీఎం ఎక్కడానికీ కావాలి, రైబోజోమ్ పెద్ద భాగం తయారీకీ కావాలి. విభజన చివర్లో ఇంకొకటి: సీడీసీ14 అనే ఫాస్ఫటేజ్‌ను (ఫాస్ఫేట్ తీసేసే ఎంజైమ్‌ను) కణం చక్రమంతా కేంద్రకాంశంలో బంధించి ఉంచి, అనాఫేజ్‌లో (క్రోమోజోములు విడిపోయే దశలో) వదులుతుంది. అది బయటికి రాగానే పాలిమరేజ్ 1ను కాసేపు ఆపుతుంది. అప్పుడే కాండెన్సిన్ అనే ప్రోటీన్ సముదాయం ఆ ప్రాంతాన్ని గట్టిగా చుట్టగలుగుతుంది, పన్నెండో క్రోమోజోమ్ అన్నిటికన్నా చివరగా విడిపోతుంది. రాయడం ఆగకపోతే కాపీలు విడివడవు.

తరగతిలో ఇదంతా చూపించడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు, 400 రెట్లు చూపే సూక్ష్మదర్శిని చాలు. ఈస్ట్ మొగ్గ తొడగడం ఎస్ దశ మొదలయ్యే సమయంలోనే జరుగుతుంది. చిన్న మొగ్గ ఉన్న కణమంటే డీఎన్‌ఏ కాపీ చేసుకుంటున్న కణం అని స్థూలంగా లెక్క పెట్టవచ్చు. మొగ్గ లేనిది జీ1లో ఉంది. కానీ ఈ ప్రయోగం చాలా చోట్ల చెడిపోతుంది, కారణాలు మూడు.

మొదటిది, ఈస్ట్ ఎక్కువ వేయడం. పొడి ఈస్ట్ ఒక గ్రాములో సుమారు వెయ్యి కోట్ల కణాలుంటాయి. గ్లాసుడు నీళ్ళలో చెంచాడు వేస్తే అది మొదటే నిండిపోయిన కుండ. నురుగు వస్తుంది, మొగ్గలు రావు. ఒక గ్రామును 100 మిల్లీలీటర్లలో కలిపి, అందులో 10 మిల్లీలీటర్లు తీసి 90 మిల్లీలీటర్ల ఆహార ద్రవంలో పోయండి. మిల్లీలీటరుకు కోటి కణాలు వస్తాయి, ఎదగడానికి చోటుంటుంది.

రెండోది, ఉత్త చక్కెర నీళ్ళు. చాలామంది గాలి బుడగలను చూసి కణాలు పెరుగుతున్నాయనుకుంటారు. బుడగలు వస్తే చక్కెర విరుగుతోందని మాత్రమే అర్థం. రైబోజోమ్ కట్టాలంటే నత్రజని, ఫాస్ఫరస్ కావాలి, చక్కెరలో ఆ రెండూ లేవు. లోపల దాచుకున్న నిల్వతో ఒకసారి మొగ్గ వేయవచ్చు, ఆపై ఆగిపోతుంది. అక్కడే పాఠం ఉంది: పోషకాలు తగ్గాయని టార్ అనే కైనేజ్ గుర్తించగానే రైబోజోమ్ జన్యువులు నిమిషాల్లో నెమ్మదిస్తాయి. రైబోజోములు, ప్రోటీన్లు తగినంత సమకూరి కణం ఒక పరిమాణానికి రానిదే జీ1 దాటదు. డీఎన్‌ఏ కాపీకి దారి తెరిచేది రైబోజోమ్ పనే. కాబట్టి రెండు సీసాలు పెట్టండి. రెంటిలోనూ 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల చక్కెర. ఒకదానిలో ఉత్త నీళ్ళు, రెండోదానిలో శనగలు ఉడికించి వడగట్టి చల్లార్చిన నీళ్ళు. డిగ్రీ కళాశాలల్లో అయితే 1 శాతం ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, 2 శాతం పెప్టోన్, 2 శాతం డెక్స్‌ట్రోజ్.

ఫాస్ఫరస్ వాడకాన్ని కూడా కొలవవచ్చు. బీఎస్సీ బయోకెమిస్ట్రీలో ఇప్పటికీ చేయించే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి (1925) సరిగ్గా దీనికే ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు పేరున్న ఆ పరీక్షను, ఎందుకు కొలుస్తున్నామో తెలియకుండా రంగు చూసి ముగించడం కన్నా, ఈస్ట్ ఎదిగే ద్రవంలో ఫాస్ఫేట్ గంటగంటకూ ఎలా తగ్గుతోందో చూపడానికి వాడితే బాగుంటుంది. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో ఫాస్ఫేట్ ముందే ఎక్కువ కాబట్టి దీనికి అమ్మోనియం సల్ఫేట్ (లీటరుకు 5 గ్రాములు) మీద నడిచే తేలికపాటి ద్రవాన్ని, ఫాస్ఫేట్ కొలిచి వేసి, వాడాలి.

మూడోది మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి గోరువెచ్చన దాటిపోతాయి. 30 డిగ్రీల నుంచి ఒక్కసారిగా 37 దాటిస్తే కణం వేడి దెబ్బకు స్పందించి రైబోజోమ్ ప్రోటీన్ల జన్యువులను కాసేపు కట్టేస్తుంది, మొగ్గలు ఆలస్యమవుతాయి. 55, 60 డిగ్రీల నీళ్ళు పోస్తే చచ్చిపోతుంది. ట్యాంకు నీళ్ళలో కుండ నీళ్ళు కలిపి, థర్మామీటర్ పెట్టి 30కి తెచ్చుకోండి. సీసాను కిటికీ దగ్గర పెట్టవద్దు.

అరగంటకోసారి, నాలుగు గంటల పాటు చుక్క తీసి, 0.01 శాతం మిథిలీన్ బ్లూ సమానంగా కలిపి, అయిదు నిమిషాల్లోపు 200 కణాలు లెక్కించాలి. నీలంగా మారినవి చనిపోయినవి, వాటిని వదిలేయాలి. ఈ రంగుతో డీఎన్‌ఏ కనిపిస్తుందని కొన్ని గైడ్లలో ఉంది. కనిపించదు. రెండు కణాలు ఆనుకుని ఉంటే మొగ్గ అనుకునే పొరపాటు సహజం. గాజుబిళ్ళను సూదితో మెల్లగా తట్టి చూడండి, విడిపోతే మొగ్గ కాదు. మొగ్గ తల్లిలో సగం కన్నా చిన్నదైతే ఒక గడిలో, పెద్దదైతే ఇంకో గడిలో, మొగ్గ లేనివి మూడో గడిలో రాయాలి. మొదటి గంట మూడో గడే నిండుతుంది. ప్రయోగం చెడిందని అప్పుడే పారబోయకండి. ఆ గంటలో కణం రైబోజోములు కట్టుకుంటోంది.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు కళాశాలల జీవశాస్త్ర అధ్యాపకులు కొందరు